కుడివరుసలో నిశ్శబ్దం

ఆ వార్డులో గంట మోగని ఘడియ ఉండేది కాదు. దిండు జారితే గంట, దుప్పటి చాలకపోతే గంట, పక్కమంచం మనిషి గురక పెడితే గంట. ఊపిరాడనివారూ అదే బటన్ నొక్కేవారు, ఊసుపోనివారూ అదే బటన్ నొక్కేవారు. గంటకు మాత్రం ఒక్కటే గొంతు. నర్సులు పరుగెత్తి పరుగెత్తి, తుదకు చెవి విన్నా కాలు కదలని దశకు వచ్చారు. అటువంటి ఒక సాయంత్రం, నిజంగానే ప్రాణం మీదికి వచ్చిన ఒక తాపీమేస్త్రి పిలుపు తక్కిన పిలుపుల కింద పడి నలిగిపోయింది. ఎవరో వెళ్ళి చూసేసరికి ఆయన చెయ్యి చల్లబడి ఉంది. ఆ మరునాడే పెద్ద నర్సమ్మ కంపెనీకి కబురు చేసింది.

కంపెనీ అంటే మహా సంస్థ కాదు. మందుల దుకాణం పైన ఒక అంతస్తు. ఆసుపత్రులకు కావలసిన చిన్న చిన్న పరికరాలు అక్కడ తయారయ్యేవి. ఈ గంట పనికి కుదిరిన బృందంలో ముఖ్యులు ముగ్గురు. తీగలూ యంత్రభాగాలూ చూసే ఇంజనీరును అందరూ తీగలాయన అనేవారు. వచ్చిన అంకెలను జల్లెడపట్టి నిజం తేల్చే ఆమె లెక్కలమ్మాయి. ఇద్దరినీ నడిపించే పెద్దదిక్కు తూకమక్క. ఎవరేమి చెప్పినా "తూచి చూద్దాం" అనడం ఆమె ఊతపదం గనుక ఆ పేరు వచ్చింది. ఇంట్లో అత్తగారు సైతం కోడలిని అలాగే పిలిచి నవ్వుకునేది.

తూకమక్కకు ఒక వ్రతం ఉంది. మనకు నచ్చినదాన్ని తయారుచేయడం వేరు, ఎదుటివారికి కావలసినదాన్ని తయారుచేయడం వేరు. రెంటినీ విడదీసి చూపేది పరీక్ష ఒక్కటే అని ఆమె నమ్మకం. భగవంతుని సన్నిధిలో చిన్నాపెద్దా లేనట్టే పరీక్ష ముందూ చిన్నాపెద్దా లేదని, యజమాని అభిప్రాయమైనా కాపలావాడి అభిప్రాయమైనా అక్కడ ఒకే రాయితో తూగవలసిందేనని కొత్తగా చేరినవారికి మొదటిరోజే చెప్పేది. పరీక్ష మొదలుపెట్టకముందే గెలుపంటే ఏమిటో అందరూ కలిసి నిర్ణయించుకోవాలి. మొదలయ్యాక నడుమ వేలు పెట్టకూడదు. ముగిశాక ముందన్న మాట మార్చకూడదు. లెక్కలమ్మాయి ఈ మూడు సూత్రాలనూ ఆమె దగ్గర గురూపదేశంలా స్వీకరించింది.

బృందం పనిలో లోపం పెట్టడానికి లేదు. వారాల తరబడి వార్డులో కూర్చున్నారు. నర్సుల వెంట తిరిగారు. అట్టముక్కలతో నమూనాలు చేసి రోగుల చేతికిచ్చి చూశారు. మొదట రెండు బటన్లు పెట్టారు, మామూలు పనికి పసుపు, ఆపదకు ఎరుపు. ఒక్కరోజులోనే పసుపు బటన్ మీద దుమ్ము పేరుకుంది. "ఎర్రదుండగా పసుపుది నొక్కడానికి నాకేమన్నా పిచ్చా?" అని అడిగాడొక రిటైరైన కండక్టరు. అందరూ నవ్వి ఆ నమూనాను చెత్తబుట్టలో వేశారు. తప్పును త్వరగా తెలుసుకోవడమే పని అని తూకమక్క వారిని మెచ్చుకుంది కూడా.

అప్పుడు తీగలాయనకు తట్టింది ఉపాయం. బటన్ నొక్కగానే గంట మోగకూడదు; నాలుగు అంకెలు లెక్కపెట్టేంతసేపు నొక్కి పట్టుకుంటేనే మోగాలి. నిజంగా అవసరం ఉన్నవాడు పట్టుకుంటాడు, కాలక్షేపానికి నొక్కేవాడు విసుగొచ్చి వదిలేస్తాడు. విన్నవారందరికీ ఇది చక్కగా తోచింది. నర్సులను అడిగారు, ఒప్పుకున్నారు. లేచి కూర్చోగలిగిన రోగులను అడిగారు, వారూ ఒప్పుకున్నారు. మాట్లాడగలిగినవారితోనే మాట్లాడుతున్నామన్న ఊహ ఆ గదిలో ఎవరికీ రాలేదు. నోరులేనివాడి మొర దేవుడే వినాలని లోకం ఊరికే అనలేదు. మనుషులు వినరని దాని తాత్పర్యం.

ఇక మధ్యలో వదిలేసిన పొట్టి నొక్కుల సంగతి. పక్కమీద దొర్లినప్పుడు పడే నొక్కులవి, వాటిని యంత్రంలో దాచడమంటే ఊడ్చిన కసువును బీరువాలో పెట్టుకోవడమే అన్నాడు తీగలాయన. లెక్కలమ్మాయి తలూపింది. తూకమక్కా తలూపింది.

పరీక్షకు ఏర్పాటు ఇది. వార్డులో రెండు వరుసల మంచాలు. ఎడమవరుసలో పాత గంట, కుడివరుసలో కొత్త బటన్. వచ్చిన రోగికి ఏ వరుసలో మంచం అన్నది చీటీ తీసి తేల్చాలి. నర్సులు తమకు తోచినట్టు నెమ్మదస్తులను ఒకవైపు, గోలపెట్టేవారిని మరొకవైపు సర్దితే తేలేదేమీ ఉండదు గనుక, మంచం ఎంచే హక్కు ఎవరికీ లేదన్నది తూకమక్క శాసనం. కుడివరుస పిలుపులు సగానికి తగ్గి, ఫిర్యాదులు పెరగకుండా ఉంటే కొత్త బటన్ అన్ని వార్డులకూ పోతుంది. అదీ ముందుగా అనుకున్న గెలుపు. ఏం జరిగితే పరీక్షను ఆపాలి అన్నది మాత్రం ఎవరూ అనుకోలేదు.

మొదటి వారంలోనే కుడివరుస సద్దుమణిగింది. నర్సులు కుర్చీల్లో వీపు ఆనించి కూర్చోవడం తూకమక్క తొలిసారి చూసింది. మౌనం అర్ధాంగీకారమని పెద్దలు ఏ సందర్భంలో అన్నారో గాని, ఆ బృందం దాన్ని పూర్ణాంగీకారంగా లెక్కవేసుకుంది.

అత్తగారికి జబ్బు ముదిరింది ఆ రోజుల్లోనే. అంతకుముందు ఏడాది పక్షవాతం వచ్చి ఎడమచెయ్యి పూర్తిగా, కుడిచెయ్యి సగం చచ్చుబడ్డాయి. ఇప్పుడు గుండె నీరసించి ఊపిరితిత్తుల్లో నీరు చేరింది. ఆమె ఒకప్పుడు కోర్టులో టైపిస్టు. తీర్పు చదివే జడ్జి దమ్ము తీసుకునేలోపు వాక్యం కొట్టి ముగించేదని పేరు. ఇప్పటికీ మంచంమీద పడుకుని వేళ్ళతో దుప్పటి మీద ఏదో కొడుతూనే ఉండేది. ఏమిటత్తయ్యా అంటే "నీమీద కేసు" అనేది.

ఆసుపత్రికి తీసుకువచ్చిన పూట, భర్త కారు నిలపడానికి వెళ్ళినప్పుడు, పెద్ద నర్సమ్మ తూకమక్కను పక్కకు పిలిచింది. ఎడమవరుసలో తన బల్లకు ఎదురుగా ఒక మంచం ఖాళీగా ఉందని, పెద్దావిణ్ణి అక్కడ పడుకోబెడితే తన కళ్ళముందే ఉంటుందని చెప్పింది. "మనవాళ్ళే కదమ్మా, చీటీలూ గీటీలూ ఎందుకు?" అంది.

తూకమక్క మనసు ఒక్క క్షణం ఆ మంచం మీద వాలింది. మరుక్షణమే లేచింది. తన మనిషికి మంచం ఎంచుకుంటే రేపు ఎవరికి ఏ ముఖంతో శాసనం చెప్పాలి? అయినా కుడివరుస తీసిపోయినదేమీ కాదు. తాము చేసినదే, మంచిదని నమ్మే చేసినదే. తన అత్తగారికి పనికిరాని వస్తువు ఊరందరి అత్తలకు ఎలా పనికొస్తుంది? ఈ చివరి తర్కం ఆమెకు ఎంతో నిర్మలంగా కనిపించింది. చీటీల డబ్బాను అత్తగారి ముందే పెట్టింది. ఆవిడ వణికే వేళ్ళతో ఒకటి తీసింది. కుడివరుస వచ్చింది.

రెండోరోజు పలకరించడానికి వెళ్ళేసరికి అత్తగారు బటన్‌ను అనుమానితుణ్ణి చూసినట్టు చూస్తోంది.

"ఇదేం బటనే అమ్మాయ్, ఎంత కొట్టినా పలకదు."

"కొట్టకూడదు అత్తయ్యా. నొక్కి పట్టుకోవాలి. ఒకటి, రెండు, మూడు, నాలుగు, అప్పుడు వదలాలి."

"జన్మంతా కొట్టి వదిలినదాన్ని. కీ మీద వేలు ఆగితే మా హెడ్డుగుమాస్తా స్కేలు పట్టుకొచ్చేవాడు. ఇప్పుడు ఆగమంటే ఆగుతుందా, దిక్కుమాలిన వేలు?"

"మెల్లగా అలవాటవుతుంది."

"అలవాటయ్యేలోపు నేను దాటిపోతానులే. కేసు నడుస్తుంది గానీ టైపు చేసేవాళ్ళుండరు నీకు."

తూకమక్క నవ్వింది. నవ్వుతూనే ఆ బొటనవేలిని చూసింది. అది బటన్ మీద వాలింది, నొక్కింది, అర అంకె కూడా లెక్కపెట్టకముందే పక్కకు జారింది. మళ్ళీ వాలింది, మళ్ళీ జారింది. పాత అలవాటు సగం, పట్టు తప్పిన నరం సగం. ఆమె ఆ వేలిని తన వేలితో అదిమి పట్టింది. గంట మోగింది. వచ్చిన నర్సుకు ఏమీ లేదని చెప్పి పంపించింది.

ఇంటికి పోయేదారిలో ఆమెకు రెండు బాధలు కలిగాయి. మొదటిది, ఆ వేలు. రెండోది, తాను నేర్పడం. పరీక్షలో ఉన్న మనిషికి దగ్గరుండి ఒత్తి చూపించడం సూత్రభంగం కాదా? కుడివరుసలో తక్కినవారికి ఎవరు నేర్పారు? సిగ్గుతో చెప్పాలి గాని, ఆ సాయంత్రం ఆమెను ఎక్కువగా తొలిచింది రెండోదే. వేలి సంగతి బృందానికి చెబుదామా అనుకుంది. చెబితే పరీక్ష ఆగుతుంది. ఒక్క చేతిని చూసి, అదీ సొంత అత్తగారి చేతిని చూసి, వారాల పనిని ఆపేవాళ్ళను తానే ఎన్నిసార్లు మందలించలేదు? ఇక కొద్దిరోజులే మిగిలాయి. ముగిశాక మొదట ఈ విషయమే ఎత్తాలని నిశ్చయించుకుంది. వాయిదా వేసిన ధర్మం ధర్మంలాగే కనబడుతుంది. దాని దోషం అదే.

జరగవలసింది ఒక మధ్యాహ్నం భోజనాల తరువాత జరిగింది. వార్డు నిశ్శబ్దంగా ఉంది. నర్సులు బల్ల దగ్గర కూర్చుని రాసుకుంటున్నారు. ఎదుటి ఎడమవరుసలో కాలు విరిగి పడుకున్న ఒక దర్జీ ఆవిడ నిద్రపట్టక ఇటు చూస్తోంది. పెద్దావిడ ఛాతీ ఎగిసిపడటం, నోరు తెరుచుకోవడం, బటన్ మీద బొటనవేలు టకటకా ఆడటం ఆమె చూసింది. నర్సు వస్తుందిలే అని కాసేపు చూసింది. ఎవరూ రాలేదు. అప్పుడు తన గంట నొక్కింది. నర్సు తిన్నగా తన దగ్గరికే వచ్చి "ఏం కావాలమ్మా?" అని అడిగింది. ఆవిడ ఎదుటి మంచం వైపు వేలు చూపించింది. అప్పటికే ఆలస్యమైంది.

గంట ముందే మోగి ఉంటే బతికేదా అని తూకమక్క డాక్టరును అడిగింది. ఆయన మంచివాడు, అబద్ధం చెప్పలేదు. ఊపిరితిత్తులు అప్పటికే నిండిపోయాయని, బతకవచ్చు, బతకకపోవచ్చు, తేల్చి చెప్పలేనని అన్నాడు. దర్జీ ఆవిడ మాత్రం కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఒకటే మాట చెబుతోంది, ఆ వేలు చివరిదాకా ఆడుతూనే ఉందమ్మా అని.

వరండాలో భర్త గోడకు ఆనుకుని నిలబడి ఉన్నాడు.

"అమ్మ పిలవలేదా?" అని అడిగాడు.

"పిలిచింది."

"మరి?"

"మేం వినకుండా ఏర్పాటు చేసుకున్నాం."

అతడికి అర్థం కాలేదు. ఆమె అక్కడే నిలబడి బటన్ సంగతి, పొట్టి నొక్కుల సంగతి, పెద్ద నర్సమ్మ ఇస్తానన్న మంచం సంగతి, చీటీ సంగతి అంతా వరుసగా చెప్పింది. మధ్యలో ఏడవలేదు. అతడు మధ్యలో అడ్డురాలేదు. అంతా విన్నాక ఆ చీటీ ఎవరు తీశారని మాత్రం అడిగాడు. అత్తయ్యే తీసిందని ఆమె చెప్పింది.

"అమ్మకి చీట్లలో ఎప్పుడూ కలిసిరాలేదు" అన్నాడు. తరువాత ఆమెతో ఏమీ అనలేదు. ఆ రోజే కాదు, ఎన్నో రోజులు. తిట్టి ఉంటే తిట్టుతో పోయేది. అతడు వేళకు అన్నం పెట్టమన్నాడు, వేళకు దీపం ఆర్పమన్నాడు, అంతే. తల్లి గది తలుపు మాత్రం తానే వేసి తానే తీసేవాడు.

కర్మలు ముగించుకుని ఆమె ఆఫీసుకు వెళ్ళేసరికి పరీక్ష ముగిసింది. ఆమెకు కావలసింది ఇప్పుడు ఒక్కటే: ఆ బటన్ ఇంకొక మంచం ఎక్కకూడదు. ఆ మాట సాధించుకుని ఇంటికి వెళితే, భర్త ముఖంలోకి చూడగలనేమోనని ఆమె ఆశ.

సమావేశానికి యజమానితో పాటు పెద్ద నర్సమ్మ కూడా వచ్చింది. ఆమె కళ్ళకింది నలుపు తగ్గింది. లెక్కలమ్మాయి గొంతు సవరించుకుని ఫలితం చదివింది. కుడివరుస పిలుపులు సగానికి కాదు, అంతకంటే చాలా తగ్గాయి. ఫిర్యాదులు పెరగలేదు సరికదా, తగ్గాయి. ముందుగా అనుకున్న గెలుపు అక్షరాలా గెలుపే.

తూకమక్క తాను చూసింది చెప్పింది. బొటనవేలు జారడం, దర్జీ ఆవిడ సాక్ష్యం, అన్నీ. తరువాత ఆమె తీగలాయన వైపు తిరిగి, ఆ పొట్టి నొక్కులు ఎక్కడైనా ఉన్నాయా, అవి చూస్తే కుడివరుసలో ఎంతమంది పిలవబోయి పిలవలేకపోయారో తేలుతుంది కదా అని అడిగింది.

అతడు తల ఎత్తలేదు. "లేవక్కా. పడగానే పోయేలా పెట్టాను. అందరం అనుకునే కదా."

"పోనీ, ఫిర్యాదులు లేవంటున్నావే," అంది ఆమె లెక్కలమ్మాయితో, "ఫిర్యాదు చేయాల్సినవాళ్ళు ఎలా చేస్తారు?"

లెక్కలమ్మాయి కళ్ళు తుడుచుకుంది. మాట మాత్రం తడబడలేదు. "అది కూడా చూశానక్కా. చనిపోయినవాళ్ళు రెండు వరుసల్లోనూ ఇంచుమించు సమానమే. ఒక్క మనిషిని చూసి నిర్ణయం చేయకూడదని మీరే నేర్పారు. మన మనిషైతే అసలే చూడకూడదన్నారు. మీరు కాక ఇంకెవరైనా ఇలా అడిగితే మీరేం చెప్పేవారో, నేనూ అదే చెప్తున్నాను."

నిప్పులాంటి మాట. అందులో అణువంత ద్రోహం లేదు. తాను చెక్కిన విగ్రహమే ఎదుట నిలబడి తనకు వరం నిరాకరిస్తున్నట్టు ఉంది తూకమక్కకు. పొట్టి నొక్కులను కూడా పిలుపులుగా లెక్కిస్తే చాలు కదా అంది. అలా చేస్తే మళ్ళీ పాత గంటే అవుతుందన్నాడు తీగలాయన, బతిమాలే గొంతుతో. పెద్ద నర్సమ్మ నెమ్మదిగా అందుకుంది.

"మీ అత్తగారి విషయంలో నా కడుపూ తరుక్కుపోతోందమ్మా. నా బల్లెదురు మంచం ఇస్తానన్నదాన్ని నేనే. కానీ ఆ మేస్త్రికీ ఇల్లుంది, పెళ్ళాముంది. ఆయన్ని పాత గంట మింగింది. ఈ బటన్ తీసేస్తే మళ్ళీ మేస్త్రులు పోతారు. మా నర్సుపిల్లలకున్నవి రెండేసి కాళ్ళు. నన్నేం చెయ్యమంటారు?"

యజమాని కాసేపు బల్ల మీద వేళ్ళాడించి నిర్ణయం చెప్పాడు. నాలుగు అంకెలను మూడు చేద్దాం, బలహీనుల కోసం మరో పరీక్ష తరువాత పెడదాం, ఈలోగా అన్ని వార్డులకూ కొత్త బటనే. అన్నట్టు తూకమక్క అలిసిపోయి ఉందని, కొన్నాళ్ళు విశ్రాంతి తీసుకోవడం మంచిదని మర్యాదగా సెలవిచ్చాడు.

ఆమె మెట్లు దిగి ఇంటికి వెళ్ళలేదు. ఆసుపత్రికి వెళ్ళింది. నర్సుల బల్లకింద పెట్టెలో కుడివరుస నుంచి తీసిన పాత బటన్లు ఉన్నాయి. బల్ల దగ్గరున్న చిన్న నర్సు, కంపెనీ పనికే వచ్చిందనుకుని నవ్వి దారి ఇచ్చింది. తూకమక్క కుడివరుస మొదటి మంచం దగ్గర వంగి కొత్త బటన్ తీగను ఊడబెరికి పాతదాన్ని తగిలించింది. తరువాత రెండో మంచం. తరువాత మూడోది. అత్తగారి మంచంలో ఎవరో పచ్చకామెర్ల మనిషి నిద్రపోతున్నాడు. అతడి చెయ్యి ఎత్తి, అరచేతి కింద బటన్ పెట్టి, చెయ్యి దించింది. వరుస చివరికి వచ్చేసరికి ఆమె చీర అంచు దుమ్ము పట్టింది. తాను చేస్తున్నది పరీక్ష తీర్పును కాలదన్నడమని, ఇక తనను ఏ సమావేశమూ నమ్మదని ఆమెకు స్పష్టంగా తెలుసు. తూచి చూడలేదు.

కొద్దిసేపటికి మొదటి గంట మోగింది. చెప్పులు మంచం కిందికి పోయాయట. రెండో గంట: కిటికీలోంచి ఎండ ముఖాన పడుతోందట. మూడో గంటకు చిన్న నర్సు బిత్తరపోయి లేచేలోపు తూకమక్కే వెళ్ళింది. అక్కడ ఒక ముసలాయన బటన్ మీద వేలు పెట్టుకుని ఆమెను ఎగాదిగా చూశాడు.

"ఏం కావాలి బాబాయ్‌గారూ?"

"ఏం లేదమ్మా. పలుకుతుందో లేదోనని." ఆయన మళ్ళీ నొక్కాడు. మళ్ళీ మోగింది.

గంటల చప్పుడు విని పెద్ద నర్సమ్మ వచ్చింది. ఊడి పడి ఉన్న కొత్త బటన్ల గుట్టను చూసింది. కోప్పడలేదు, కోపానికి కావలసిన ఓపిక ఆమెలో లేదు. "రేపు పొద్దున్నే మళ్ళీ బిగించేస్తారమ్మా" అంది.

"తెలుసు."

"ఇవాళ ఈ వరుసంతా ఎవరు తిరుగుతారు మరి?"

తూకమక్క జవాబు చెప్పేలోపు మరో గంట మోగింది, దాని వెంటే ఇంకొకటి. పెద్ద నర్సమ్మ కుర్చీ లాక్కుని కూర్చుని కాళ్ళు నొక్కుకుంది. తూకమక్క ఏ మంచమో చూసుకుని అటు నడిచింది.